ఆ కెమెరా జర్మనీది కాదు, నకలూ కాదు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో పాత కెమెరాల గురించి వచ్చిన వ్యాసాన్ని ఎంతో ఆసక్తితో చదివాను. ముప్పై ఎనిమిదేళ్లు అనంతపురంలో ఫోటో స్టూడియో నడిపి, చూపు సహకరించక ఈ మధ్యనే మానుకున్నవాణ్ని. ఇలాంటి విషయానికి ఒక తెలుగు పత్రిక ఇంత చోటు ఇవ్వడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే అందులో ఒక మడత కెమెరా ఫోటో వేసి, దాని కింద "రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ కెమెరా" అని రాశారు. వ్యాసంలో మరోచోట, యుద్ధం ముగిసేవరకు జపాన్‌లో తయారైన కెమెరాలన్నీ జర్మన్ కెమెరాలకు నకళ్లేనని, సొంత ఆలోచనతో చేసినది ఒక్కటీ లేదని అన్నారు. ఈ రెండు మాటలూ పొరపాటు. వాటిని సరిదిద్దవలసిందిగా కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు ముద్రించిన ఫోటోను కాస్త వెనక పక్క నుంచి తీశారు కనుక, కెమెరా వీపు మీద పై అంచున, బొటనవేలికి అందేచోట ఉన్న పళ్ల చక్రం స్పష్టంగా కనిపిస్తోంది. ఏ జర్మన్ మడత కెమెరాలోనూ ఫోకస్ చక్రం అక్కడ ఉండగా నేను చూడలేదు. అది జపాన్‌లో 1940లో పుట్టిన మామియా సిక్స్. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, అదే కెమెరా యాభై ఏళ్లకు పైగా మా ఇంట్లో ఉండటమే.

మా పెద్దనాయన సైన్యంలో లారీ డ్రైవరుగా పనిచేశారు. జపాన్ లొంగిపోయాక, 1946లో, ఆ దేశానికి వెళ్లిన ఆక్రమణ సేనల్లో భారత సేనా విభాగం ఒకటి ఉండేది. తర్వాతి కాలంలో మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్య అప్పుడు అందులో ఒక బ్రిగేడుకు అధిపతి. ఒకాయామా పట్టణంలో ఒక ముసలి దుకాణదారు దగ్గర ఈ కెమెరా కొన్నానని మా పెద్దనాయన చెప్పేవారు. 1947లో ఉన్ని రుమాలులో చుట్టి, ట్రంకుపెట్టె అడుగున బట్టల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చారట. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. "మెల్లగ తిప్పాల అబ్బయా, అది బలానికి తిరిగేది కాదు, చేతికి తిరిగేది" అని ఆ చక్రం గురించి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

జర్మన్ల ప్రభావం గురించి మీ వ్యాసకర్త చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. జైస్ ఐకాన్ సంస్థ చేసిన ఐకోంటా, 1934లో వచ్చిన సూపర్ ఐకోంటా ఆనాటి మడత కెమెరాలన్నిటికీ ఒరవడి. జపాన్ తయారీదారులు వాటిని ముందు పెట్టుకునే పని నేర్చుకున్నారు. ఆ కెమెరాలకు పేర్లు బొమ్మ కొలతనుబట్టి పెట్టారు. 120 అనే రకం ఫిల్ము రీలు మీద 6 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల పొడవు గల బొమ్మలు ఎనిమిది వస్తాయి. దానిలో సగం కొలతతో పదహారు బొమ్మలు తీసే కెమెరాకు 'సెమీ' అని పేరు పెట్టారు. నలుచదరంగా 6 సెంటీమీటర్ల బొమ్మలు పన్నెండు తీసేది 'సిక్స్'. 1934లో సెమీ మినోల్టా, 1936లో సెమీ ఒలింపస్, 1938లో సెమీ పెర్ల్ వచ్చాయి. సెమీ ఒలింపస్‌కు పెట్టె మరో కంపెనీది, లెన్సు మాత్రమే సొంతం. మినోల్టా అన్న మాటకు కంపెనీ చెప్పుకునే అర్థాల్లో ఒకటి 'పండిన వరిమడి'. పంట పండేకొద్దీ వెన్ను తల వంచుతుందని తల్లి చెప్పిన మాటను దాని స్థాపకుడు తషిమా మనసులో ఉంచుకున్నాడని అంటారు. మడి, మాగాణి తెలిసిన మనవాళ్లకు ఈ మాట వివరించి చెప్పనక్కర లేదు.

చైనాతో 1937లో యుద్ధం మొదలుపెట్టాక జపాన్ ప్రభుత్వం విదేశీ వస్తువుల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. జర్మన్ కెమెరాలు దుకాణాల్లో అరుదైపోయాయి. అప్పటికే 1934లో ఫూజీ ఫిల్మ్ కంపెనీ మొదలైంది, అంతకుముందు నుంచే సకురా పేరుతో దేశీయ ఫిల్ము దొరికేది. కొనేవాళ్లున్నారు, ఫిల్ముంది, బయటి నుంచి కెమెరా మాత్రం రాదు. చిన్నచిన్న వర్క్‌షాపులు కెమెరాల తయారీలోకి దిగింది ఈ పరిస్థితిలోనే. సెయిచీ మామియా అనే ఆయన పెట్టుబడిదారు సుగవరాతో కలిసి టోక్యోలో 1940 మే నెలలో కంపెనీ పెట్టి చేసిన మొదటి కెమెరా ఈ మామియా సిక్స్. అదే ఏడాది జూలై 7 నుంచి విలాస వస్తువుల తయారీ, అమ్మకాల మీద ప్రభుత్వ నిషేధాజ్ఞలు అమల్లోకి వచ్చాయి. "విలాసమే శత్రువు" అని రాసిన ప్రకటనలు టోక్యో వీధుల్లో వెలిశాయి. ఒక కొత్త కెమెరా పుట్టడానికి అంతకంటే పాడు కాలం మరొకటి ఉండదు. అయినా 1941లో రెండో నమూనా, 1942లో మూడో నమూనా బయటికి వచ్చాయి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి ఆ చక్రం గురించి. మడత కెమెరాలో మూత తెరిస్తే బెల్లోస్, అంటే మడతలు మడతలుగా ఉండే తోలు గొట్టం, సాగి, లెన్సు ముందుకు వచ్చి, పక్క పట్టీల మీద బిగుసుకుని నిలబడుతుంది. దూరాన్నిబట్టి లెన్సుకు, ఫిల్ముకు మధ్య ఎడం మారాలి, అదే ఫోకస్. మామూలు మడత కెమెరాల్లో లెన్సులోని ముందు గాజును మరతిప్పి ఈ పని కానిచ్చేవారు. అది చవకైన పద్ధతే గానీ, లెన్సులోని గాజుల మధ్య కుదిరిన ఎడం చెదిరిపోతుంది కాబట్టి దగ్గరి బొమ్మల్లో కొంత పదును తగ్గుతుంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కూడా ఉండాలంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. రేంజ్‌ఫైండర్ ఉండేది కెమెరా పెట్టె మీద, కదిలే గాజు ఉండేదేమో బెల్లోస్ చివర. మూసినప్పుడల్లా మడతపడే ఆ రెంటినీ కలపడం ఎలా? సూపర్ ఐకోంటాలో లెన్సు పక్కన చిన్న చెయ్యి ఒకటి నిలబెట్టి, దానిలో ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రెండు పలుచని వాలు గాజులు బిగించి, వాటిని పళ్ల చక్రాలతో లెన్సుకు జోడించారు. అది గొప్ప పనితనం, నేను కాదనను.

మామియా ఆ చిక్కును తిరగేసి చూశాడు. లెన్సును కదపకుండా, ఫిల్మునే కదిలించాడు. మూత తెరిచాక లెన్సు ఒకే చోట గట్టిగా నిలబడిపోతుంది. వెనక, ఫిల్ము ఆనుకునే చట్రమే చక్రం తిప్పినకొద్దీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. చక్రం, చట్రం, రేంజ్‌ఫైండర్ మూడూ పెట్టెలోనే ఉన్నాయి కనుక వాటిని ఒకదానికొకటి కలపడం సులువైంది, మడతపడే భాగంతో వాటికి పనే లేదు. కిటికీలో చూస్తూ బొటనవేలితో చక్రం తిప్పుతుంటే రెండుగా కనిపించే ముఖం ఒకటవుతుంది, ఆ క్షణానికి ఫిల్ము ఉండవలసినచోట ఉంటుంది. ఈ ఏర్పాటు ఐకోంటాలో లేదు, సూపర్ ఐకోంటాలోనూ లేదు. కొలత, ఆకారం, తోలు తొడుగు జర్మన్ కెమెరాలను గుర్తుకు తెస్తాయి, నిజమే. కెమెరాకు ప్రాణమైన ఫోకస్ మాత్రం జపాన్‌లో ఆలోచించి చేసినది. దాన్ని నకలు అనడం అన్యాయమని నా అభిప్రాయం.

ఆ చట్రం ఎంత కదులుతుందో చెబితే ఆ పనిలోని నాజూకు పాఠకులకు తెలుస్తుంది. ఇందులోని లెన్సు 75 మిల్లీమీటర్లది. దిగంతం నుంచి 10 మీటర్ల దూరానికి ఫోకస్ మార్చాలంటే ఫిల్ము సుమారు 0.6 మిల్లీమీటరు వెనక్కి జరగాలి, 3 మీటర్లకైతే సుమారు 1.9 మిల్లీమీటర్లు, ఒక్క మీటరు దూరంలోని ముఖానికైతే 6 మిల్లీమీటర్లు. అంటే మన చిటికెన వేలి గోరంత కదలికలో ఊరి గుడి గోపురం నుంచి ఎదుట కూర్చున్న మనిషి కనురెప్ప దాకా ఇమిడి ఉన్నాయి. స్టూడియోకు పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకు ఫోకస్ అంటే ఏమిటో నేను ఈ కెమెరాతోనే చెప్పేవాణ్ని. వెనక మూత తీసి, ఫిల్ము ఉండవలసినచోట ట్రేసింగ్ కాగితం అతికించి, షట్టరు తెరిచిపెట్టి, మా వీధి వాకిలి వైపు తిప్పేవాణ్ని. కాగితం మీద ఎదురింటి అరుగు, అరుగు మీద ఎండబెట్టిన వేరుశనక్కాయలు తలకిందులుగా కనిపించేవి. చక్రం తిప్పుతుంటే మసకగా ఉన్న కాయల కుప్ప కాయకాయగా విడిపోయేది. లెన్సు ముట్టుకోకుండానే బొమ్మ తేరుకోవడం చూసి ఆ పిల్లలు మళ్లీ మళ్లీ తిప్పించుకునేవారు.

లోపం చెప్పకపోతే నా మాట పక్షపాతం అవుతుంది. ఫిల్మును చట్రానికి అదిమి చదునుగా ఉంచే ప్రెషర్ ప్లేటు మిగతా కెమెరాల్లో వెనక మూతకే అతికి ఉంటుంది. ఇందులో చట్రం కదులుతుంది కనుక ప్లేటు కూడా దానితోపాటు కదలాలి. అందువల్ల దాన్ని విడిగా, బయటికి లాగి తీసే రేకుగా చేశారు. రీలు ఎక్కించేటప్పుడు ప్లేటు తీసి, ఫిల్ము పరిచి, మళ్లీ దోపాలి. తీసిన ప్లేటును ఎక్కడో పెట్టి మరిచిపోతే కెమెరా పని ఇక అంతే.

మాకు సరిగ్గా అదే జరిగింది. 1981లో షట్టరు బిగుసుకుపోతే కెమెరాను ఒక పెద్ద నగరంలోని మరమ్మతు దుకాణానికి పంపాను. షట్టరు చక్కగా బాగుచేశారు గానీ ప్లేటు లేకుండా తిప్పి పంపారు. అడిగితే అలాంటిది తమకు రాలేదన్నారు. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. ప్లేటు లేకుండానే ఒక రీలు తీసి కడిగి చూస్తే, ప్రతి నెగటివులోనూ మధ్య భాగం మసక, అంచులు పదును. ఫిల్ము మధ్యలో వీపు ఉబ్బి అర మిల్లీమీటరు తప్పుకుంటే చాలు, లెన్సు పూర్తిగా తెరిచి తీసినప్పుడు ఒక్కో చుక్క నెగటివు మీద 0.14 మిల్లీమీటరు మచ్చగా పరుచుకుంటుంది. అయిదు రెట్లు పెద్ద ప్రింటు వేస్తే అది కంటికి దాచలేనంత మసక. చివరకు పాతూరులో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఇత్తడి రేకు కత్తిరించి, గాజు పలక మీద సన్నని గరుకు కాగితంతో రుద్ది చదును చేసి, నల్ల రంగు పూసి ఇచ్చారు. మొదటి రెండు రేకులు పనికిరాలేదు. మూడోది ఇప్పటికీ ఆ కెమెరాలోనే ఉంది. ఆ రేకును రుద్ది, అంచు మీద తెల్ల దారం లాగి పట్టి, దారం కింద వెలుతురు కనిపిస్తోందా అని ఒక కన్ను మూసి ఆయన చూసిన తీరు నా కళ్లముందే ఉంది.

మీ ఫోటోలోని కెమెరా ఏ కాలానిదో తేల్చుకోవడానికి లెన్సు అంచు మీది అక్షరాలు చూడమని మనవి. మా కెమెరా లెన్సు మీద జుయికో అన్న పేరు, దాని పక్కన తకతిహో, టోక్యో అన్న మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కి ఉన్నాయి. జుయికో అంటే శుభప్రదమైన వెలుగు. తకచిహో 1919లో మొదలైన కంపెనీ, నేడు ఒలింపస్‌గా అందరికీ తెలిసినది అదే. కంపెనీ పేరుగా ఒలింపస్ వచ్చింది 1949లో. తకచిహో అని పలికే పేరును తకతిహో అని చెక్కడానికి కూడా కారణముంది. జపాన్ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో 1937లో అక్కడి ప్రభుత్వం ఒక పద్ధతి నిర్ణయించింది, దాని ప్రకారం 'చి' అన్న ధ్వనిని 'తి' లాగా రాయాలి. ఒక లెన్సు అంచు మీది అక్షరం దాని కాలాన్ని పట్టి ఇవ్వడం నాకు శాసనాల్లోని లిపిని చూసి రాజుల కాలం చెప్పడంలాగే అనిపిస్తుంది.

యుద్ధకాలపు జపాన్ వస్తువును మెచ్చుకుంటున్నానని ఎవరూ నొచ్చుకోకూడదు. ఆ సైన్యం చైనాలోనూ బర్మాలోనూ చేసిన ఘోరాలు నాకు తెలుసు. బర్మా నుంచి తిరిగివచ్చిన వాళ్ల నోట మా పెద్దనాయన విన్న కథలను మేము చిన్నప్పుడు విన్నాం. ఆ దేశపు గాజు విద్య యుద్ధంతో పెనవేసుకునే పెరిగింది. నికాన్‌గా మనకు తెలిసిన నిప్పన్ కొగాకు కంపెనీ యమాటో యుద్ధనౌకకు 15 మీటర్ల పొడవైన రేంజ్‌ఫైండర్‌ను తయారు చేసింది. సముద్రం మీద పదుల కిలోమీటర్ల దూరాన ఉన్న ఓడ ఎంత దూరంలో ఉందో కొలిచేది అది. రెండు కిటికీల్లోంచి చూసిన ఒకే వస్తువు బొమ్మలను కలిపి దూరం తేల్చడమే దాని సూత్రం. మామియా సిక్స్‌లో నా అరచేతి వెడల్పు కూడా లేని రెండు కిటికీల మధ్య జరిగేదీ అదే. ఆ నౌక 1945 ఏప్రిల్ 7న మునిగింది. ఆ సూత్రం ఈ చిన్న పెట్టెలో ఉండి, మా చెల్లెలి పెళ్లి బొమ్మలు తీసింది.

యుద్ధం తర్వాతి కథ మీ వ్యాసకర్త బాగానే రాశారు. 1950లో కొరియా యుద్ధానికి వెళ్లిన అమెరికా ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ నికాన్ లెన్సుల పదును చూసి ఆశ్చర్యపోవడం, ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఆ సంగతి ప్రచురించడం వల్ల ప్రపంచానికి జపాన్ కెమెరాలు తెలిశాయన్నది నిజమే. ప్రపంచానికి తెలియడం వేరు, పని మొదలుకావడం వేరు. వ్యాసంలో ఈ రెండూ ఒకటైపోయాయి. మామియా సిక్స్ నాలుగో నమూనా 1947లోనే వచ్చింది, ఆక్రమిత దేశంలో, శిథిలాల మధ్య. ఆ తర్వాత 1950ల చివరి వరకు అది రకరకాల మార్పులతో తయారవుతూనే ఉంది, ఫిల్మును కదిలించే పద్ధతి చివరి నమూనాలోనూ అలాగే ఉంది. రాయలసీమలో పెళ్లిళ్లు తీసిన నా తరం వాళ్లు ఎందరో భుజాన మోసిన మామియా సి330, స్టూడియోల్లో స్టాండు మీద కూర్చున్న ఆర్‌బి67, ఈ చిన్న మడత కెమెరా తర్వాత అదే కంపెనీ నుంచి వచ్చినవే. 1989లో మరో కొత్త కెమెరాకు ఆ కంపెనీ మళ్లీ మామియా 6 అని పేరు పెట్టింది.

మా ప్రాంతం గురించి ఒక చిన్న మాట. కోస్తా ఊళ్లలో ఇలాంటి పాత కెమెరాలకు గాజుల్లో బూజు పట్టి, సాలెగూడులా అల్లుకుని లెన్సు పాడైపోతుంది. అనంతపురం పొడి గాలిలో ఆ బాధ తక్కువ. ఇక్కడ పోయేది తోలు. బెల్లోస్ మూలలు ఎండి చిట్లి, సూదిమొనంత రంధ్రాలు పడి, బొమ్మ మీద తెల్లని చారలు వస్తాయి. చీకటి గదిలో కెమెరా లోపల చిన్న బల్బు పెట్టి బయటి నుంచి చూస్తే ఆ రంధ్రాలు నక్షత్రాల్లా కనిపిస్తాయి, వాటిని నల్ల రబ్బరు ద్రావణంతో మూసుకోవచ్చు. పాత ఇనుముల వాడికి ఇవ్వబోయే ముందు ఎవరైనా ఇంట్లో ఉన్న మడత కెమెరాను ఒకసారి ఇలా చూసుకుంటే మంచిది.

నా కోరికలు రెండు. ఆ ఫోటో కింది మాటలను "1940లో జపాన్‌లో రూపొందిన మామియా సిక్స్" అని సవరించి వచ్చే సంచికలో ప్రచురించగలరు. రెండోది ఆ కెమెరా ఎవరిదో వారికి చేరవలసిన మాట: వెనక మూత తెరిచి, ఫిల్ము చట్రం వెనక విడి రేకు ఉందో లేదో చూసుకోమని చెప్పండి. లేకపోతే దిగులు పడనక్కర లేదు. మా ఇత్తడి రేకు కొలతలు నా దగ్గర రాసిపెట్టి ఉన్నాయి, మీ కార్యాలయం ద్వారా అడిగితే పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు, మాజీ ఫోటోగ్రాఫర్,
పాతూరు, అనంతపురం.